ఓడల పట్టీలలో మనుషులు – ఒక చారిత్రక పరిశీలన

ఆటోనగర్ నుండి సరకుతో బయలుదేరు ప్రతి లారీ వెంట ఒక కాగితముండును. సరకేమిటి, ఎన్ని పెట్టెలు, బరువెంత, పంపినవారెవరు, అందుకొనువారెవరు అను వివరములు అందులో వ్రాసి ఉండును. దారిలో తనిఖీ చేయు అధికారి మొదట చూచునది ఆ కాగితమునే. లారీకి ఏ నియమమో ఓడకూ అదే నియమము. 1933లో మన విశాఖ రేవు తెరచిన నాటి నుండి ఇక్కడకు వచ్చిన నౌకలు, ఇక్కడి నుండి వెడలిన నౌకలు తమ సరకు పట్టీలను అధికారులకు చూపుచునే ఉన్నవి. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో ఇట్టి కాగితముల నడుమనే జీవనము గడుపుచున్నారు.

అయితే ఒకప్పుడు ఇటువంటి పట్టీలలో బియ్యపు బస్తాలు, బట్టల మూటలతో పాటు మనుషులు కూడ లెక్కకు వచ్చినారు. కొన్ని పట్టీలలో వారు సంఖ్య మాత్రమే. కొన్నింటిలో పేరు, ఊరు, తండ్రి పేరు, ఒంటిమీది పుట్టుమచ్చ కూడ ఉన్నవి. మరికొన్ని పట్టీలు కావలెనని అబద్ధము చెప్పినవి. ఓడల పత్రములు మనిషిని గూర్చి ఏమి చెప్పును? ఏమి దాచును? వాటిని చదువుటలో తెలుగు, ఉర్దూ భాషలు తెలిసిన మనవంటి వారు చేయదగిన పని ఏది? ఈ మూడు ప్రశ్నలను మేమీ వ్యాసములో పరిశీలింప దలచినాము.

సరకుగా మారిన మనిషి

ఆఫ్రికా పడమటి తీరము నుండి అట్లాంటిక్ సముద్రము దాటించి అమెరికా ఖండములకు బానిసలను తరలించిన వ్యాపారము సుమారు మూడున్నర శతాబ్దములు సాగినది. చరిత్రకారుల అంచనా ప్రకారము ఆ కాలములో దాదాపు 1 కోటి 25 లక్షల మందిని ఓడలెక్కించినారు. ఆవలి ఒడ్డున ప్రాణములతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. మిగిలినవారు నడి సముద్రములో మరణించినారు.

ఈ లెక్క ఎట్లు తెలిసినది? ఆ వ్యాపారులెవ్వరును పశ్చాత్తాపముతో చరిత్ర వ్రాసి పెట్టలేదు. వారు వ్రాసినది లాభనష్టముల ఖాతా. ఓడ యజమాని పెట్టుబడి లెక్క, భీమా పత్రము, సుంకపు కచేరీ చిట్టా, కెప్టెను దినచర్య, రేవులో దిగిన "తలల" లెక్క, ఇవియే నేటి చరిత్రకు ఆధారములు. ఫిలిప్ కర్టిన్ అను అమెరికా చరిత్రకారుడు 1969లో ఈ లెక్కలను కూర్చి ఒక ప్రసిద్ధ గ్రంథమును వెలువరించినాడు. ఆ తర్వాత అనేక దేశముల పండితులు కలిసి దాదాపు 36 వేల ప్రయాణముల వివరములను ఒకచోట చేర్చినారు. మనిషిని సరకుగా చూచిన వారి ఖాతాయే నేడు వారి నేరమునకు సాక్ష్యమైనది.

నిషేధము తర్వాత పుట్టిన దొంగ కాగితములు

బ్రిటిషు పార్లమెంటు 1807లో బానిస వ్యాపారమును నిషేధించినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1808 జనవరి 1 నుండి బానిసల దిగుమతి చట్టవిరుద్ధమైనది. స్పెయిను 1817లో ఒడంబడిక చేసికొని 1820 నుండి నిషేధమును అంగీకరించినది. బ్రెజిలు 1831లో చట్టము చేసినది. కాని అట్లాంటిక్ మీద బానిసలుగా తరలింపబడిన వారిలో దాదాపు నాలుగవ వంతు 1807 తర్వాతనే ఓడలెక్కినారని లెక్కలు చెప్పుచున్నవి. చట్టము వచ్చినది గాని వ్యాపారము ఆగలేదు. బ్రెజిలులో నేటికిని ఒక నానుడి కలదు. పైకి కనిపించుటకే తప్ప అమలు కొరకు కాని పనిని వారు "ఇంగ్లీషువారు చూచుటకు" అందురు. ఆ నానుడి పుట్టుకను ఈ 1831 చట్టముతో ముడిపెట్టి చెప్పుట అక్కడ పరిపాటి.

వ్యాపారము చాటుకు పోయిన తర్వాత పత్రముల స్వభావమే మారినది. ఒకే ఓడలో రెండు మూడు దేశముల జెండాలుండెడివి. ఒక జత కాగితములు తనిఖీ నౌకకు చూపుటకు, మరియొకటి యజమానికి. చూపెడు కాగితములో సరకు తాటినూనె అని ఉండవచ్చును, ఖాళీ ఓడ అనియు ఉండవచ్చును. అప్పుడు నిజమెట్లు తేలును? బ్రిటను, స్పెయినుల మధ్య 1835లో జరిగిన ఒడంబడిక ఒక ఉపాయము చూపినది. ఓడలో బానిసలు లేకున్నను, వారి కొరకు చేసిన ఏర్పాట్లు కనబడినచో చాలును. నావికుల అవసరమునకు మించిన నీటి పీపాలు, అంత చిన్న ఓడకు అవసరము లేనంత పెద్ద వంట కాగు, రెండవ తట్టు వేయుటకు సిద్ధముగా ఉంచిన పలకలు, సంకెళ్ళు, వీటిలో ఏది దొరికినను ఓడ మీద నేరము మోపవచ్చును. కాగితము కల్లలాడినచోట నీటి పీపా నిజము పలికినది. పట్టుబడిన ఓడల విచారణకు ఫ్రీటౌన్, హవానా, రియో నగరములలో రెండు దేశముల న్యాయాధికారులు కూర్చుండు న్యాయస్థానములు వెలసినవి. వాటి దఫ్తరములే నేడు ఈ దొంగ వ్యాపారమునకు ముఖ్య ఆధారములు.

1839 నాటి "అమిస్టాడ్" ఓడ కథ ఇందుకు గొప్ప ఉదాహరణము. ఆఫ్రికా నుండి చట్టవిరుద్ధముగా క్యూబాకు తెచ్చిన 53 మందిని ఇద్దరు స్పెయినువారు హవానాలో కొని, ఈ ఓడలో ఎక్కించి ఆ ద్వీపములోనే మరొక చోటికి తీసికొనిపోవుచుండిరి. వారి వద్ద సర్కారు ముద్ర పడిన అనుమతి పత్రములున్నవి. వాటిలో ఆ బందీలకు స్పానిష్ పేర్లు పెట్టబడినవి. 1820కి ముందు నుండి క్యూబాలో స్థిరపడిన బానిసలని వ్రాయబడినది. కాని వారిలో నలుగురు చిన్న పిల్లలు. 1839లో పసితనము వీడని బిడ్డలు 1820కి ముందే క్యూబాకు ఎట్లు రాగలరు? పైగా వారిలో ఎవ్వరికిని స్పానిష్ భాష రాదు. బందీలు తిరుగబడి ఓడను వశము చేసికొన్నారు. చివరకు అది అమెరికా తీరము చేరినది. వ్యాజ్యము నడచినది.

వారి మాట ఎవరికిని తెలియని ఆ సమయములో యేల్ కళాశాలలోని జోసయ్యా గిబ్స్ అను భాషాచార్యుడు ఒక పని చేసినాడు. బందీల నోట ఒకటి నుండి పది వరకు అంకెలను వారి భాషలో నేర్చుకొని, రేవులలో తిరుగుచు ఆ అంకెలను గట్టిగా పలికినాడు. జేమ్స్ కోవీ అను ఆఫ్రికా నావికుడు వాటిని గుర్తించినాడు. అది మెండే భాష. ద్విభాషి దొరికిన తర్వాతనే బందీలు తమ కథను తాము న్యాయస్థానమునకు చెప్పుకొనగలిగినారు. 1841 మార్చిలో అమెరికా సుప్రీము కోర్టు వారు స్వతంత్రులని తీర్పు చెప్పినది. ముద్ర పడిన పత్రమును ఓడించుటకు పది అంకెలు దారి తీసినవి. భాష చదువుకొను విద్యార్థి ఈ సంఘటనను మరువరాదు.

ఇరువది ఏండ్ల తర్వాత కూడ ఈ దొంగ వ్యాపారము ఆగలేదు. 1860లో "క్లోటిల్డా" అను ఓడ సుమారు 110 మందిని అమెరికాలోని మొబైల్ నగర సమీపమునకు రహస్యముగా తెచ్చినది. సాక్ష్యము మిగులకుండ కెప్టెను దానిని తగులబెట్టినాడు. కాని ఆ ఓడ కట్టినప్పటి రిజిస్టరు మిగిలినది. అందులోని పొడవు, వెడల్పు, కలప వివరములతో సరిచూచి, 2019లో నీటి అడుగున దొరికిన శిథిలము క్లోటిల్డాదేనని పరిశోధకులు ప్రకటించినారు. తగులబెట్టిన ఓడను ఒక పాత రిజిస్టరు పట్టి ఇచ్చినది.

మన తీరపు పాత లెక్కలు

ఇది ఎక్కడి అట్లాంటిక్, ఎక్కడి మనము అని ఎవరైనను అనవచ్చును. కాని బంగాళాఖాతము కూడ ఈ పాపమునకు దూరము కాదు. డచ్చివారు 17వ శతాబ్దమున మచిలీపట్నము, పులికాట్ మున్నగు చోట్ల స్థావరము లేర్పరచుకొని, బట్టలతో పాటు మనుషులను కూడ బటేవియాకు, సింహళమునకు తరలించినారు. కరవు, యుద్ధము వచ్చిన సంవత్సరములలో ఈ ఎగుమతి పెరిగెడిది. 1659–61 నాటి కరవులో కోరమాండలు తీరపు దక్షిణ భాగము నుండి 8 వేల మొదలు 10 వేల మంది వరకు బానిసలుగా తరలిపోయినారని చరిత్రకారుల అంచనా. దక్షిణాఫ్రికాలోని కేప్ పత్రములలో నాటి బానిసల పేర్ల చివర "కోరమాండలు", "బంగాళా", "మలబారు" అని ఊరి గుర్తులు కనబడును. 1657లో శిక్షపడి బటేవియా నుండి కేప్‌కు చేరిన ఒక స్త్రీని పత్రములు "పులికాట్ కాత్రిన్" అని పిలిచినవి. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయినది, ఊరి పేరు మిగిలినది.

ఇంగ్లీషువారు కూడ ఇందుకు భిన్నులు కారు. మద్రాసు కోట కౌన్సిలు 1687లో ఓడనెక్కు ప్రతి బానిసకు ఒక వరహా చొప్పున సుంకము విధించినది. మరుసటి సంవత్సరము ఎగుమతిని నిషేధించినది. ఆ నిషేధము నిలువలేదు. నూరేండ్ల తర్వాత 1789లో గవర్నరు జనరలు కారన్‌వాలిసు బానిసలను సముద్రము మీదుగా పంపరాదని ప్రకటన చేయవలసి వచ్చినది. అయినను ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పేరొందిన పియెర్ సొనెరా యానాములో ఫ్రెంచి అధికారిగా ఉండిన కాలములో, 1792లో, ఆ రేవు నుండి బానిసల ఎగుమతిని గూర్చి వివాదము రేగినది. నిషేధించిన వ్యాపారము చాటుగా సాగుట అట్లాంటిక్‌కే పరిమితము కాదని ఇందువలన తెలియుచున్నది.

బానిసత్వము పోయి ఒప్పందము వచ్చినది

బ్రిటిషు వలసలలో బానిసత్వము 1833 చట్టముతో రద్దయినది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చినారు. వారి చూపు మన దేశము మీద పడినది. 1834లో మారిషసుకు, 1838లో బ్రిటిషు గయానాకు ఒప్పంద కూలీల ఓడలు వెళ్ళినవి. 1840లోనే బ్రిటిషు మంత్రి లార్డు జాన్ రస్సెల్ దీనిని కొత్త బానిస విధానము కాగలదని శంకించినాడు. ఆ మాటనే హ్యూ టింకర్ 1974లో తన గ్రంథమునకు శీర్షికగా పెట్టుకొన్నాడు.

తెలుగువారి విషయములో నేటాలు, అనగా దక్షిణాఫ్రికాలోని డర్బను ప్రాంతము, ముఖ్యమైనది. 1860 నవంబరు 16న "ట్రూరో" అను ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను చేరినది. 1911 వరకు అక్కడికి వెళ్ళిన ఒప్పంద కూలీలు 1 లక్ష 52 వేలకు పైగా ఉన్నారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవారు. విశాఖపట్నము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ పట్టీలలో తరచుగా కనబడును. 1903 నుండి ఫిజీ దీవులకు కూడ మద్రాసు నుండి ఓడలు సాగినవి.

ఇది బానిసత్వమేనా? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదని మా అభిప్రాయము. ఒప్పందమునకు గడువు కలదు, సాధారణముగా అయిదేండ్లు. జీతము కలదు, నేటాలులో మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు. కూలి బిడ్డ పుట్టుకతో యజమాని సొత్తు కాడు. ఈ భేదములు చిన్నవి కావు. అయితే పనికి రాకపోయినచో కారాగారము, చీటీ లేక తోట దాటినచో శిక్ష. గడువు తీరిన తర్వాత అక్కడనే నిలిచిన వారి మీద 1895 చట్టము ఏటా 3 పౌనుల పన్ను విధించినది. మేస్త్రీల మాయమాటలను నమ్మి, పోవునది ఎంత దూరమో తెలియక ఓడనెక్కినవారు ఎందరో. కాగితము మీద "ఇష్టపూర్వకముగా" అని వ్రాసియున్నది. ఆ ఇష్టము వెనుక కరవు ఉన్నదో, అప్పు ఉన్నదో, ఆశ ఉన్నదో కాగితము వ్రాయలేదు.

పట్టీలోని గడులు

నేటాలు పట్టీలలో ప్రతి మనిషికి ఒక వరుస. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయా పురుషుడా, కులము, ఎత్తు, జిల్లా, ఠాణా, గ్రామము, శరీరముపై గుర్తులు, ఇవి గడులు. విచిత్రమేమనగా, బ్రిటిషు నౌకలు పట్టుకొన్న బానిస ఓడల నుండి విడిపించిన ఆఫ్రికన్ల కొరకు ఫ్రీటౌనులో వ్రాసిన రిజిస్టర్లలో కూడ సంఖ్య, పేరు, వయస్సు, ఎత్తు, ఒంటి గుర్తులు అను గడులే ఉన్నవి. ఒకరిని విడిపించినారు, మరొకరిని ఒప్పందములో బిగించినారు. కాని సర్కారు గుమాస్తా ఇద్దరినీ చూచిన చూపు ఒక్కటే. తప్పిపోయిన మనిషిని తిరిగి పట్టుకొనుటకు పుట్టుమచ్చ కావలెను. అందుకే అది వ్రాయబడినది.

సురేంద్ర భానా అను దక్షిణాఫ్రికా చరిత్రకారుడు 95 వేలకు పైగా వలసదారుల వివరములను ఈ పట్టీల నుండి కూర్చి 1991లో గ్రంథము ప్రకటించినాడు. ఫిజీకి వెళ్ళిన ఉత్తర భారతీయుల 45 వేలకు పైగా అనుమతి పత్రములను బ్రిజ్ లాల్ పరిశీలించి 1983లో గ్రంథము వెలువరించినాడు. ఇంత కృషి జరిగినను, పట్టీలోని ఒక పేరును, ఒక ఊరును సరిగా చదువవలెనన్నచో ఆ ప్రాంతపు భాష తెలిసినవారి సాయము కావలసినదే.

మొదటి చిక్కు లిపిలో ఉన్నది. ఆంగ్లములో ద, డ లకు ఒకే అక్షరము. న, ణ లకు, ల, ళ లకు కూడ అంతే. గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన పేరు రాముడో, రాములో, రామన్నయో తేల్చుటకు తెలుగు చెవి కావలెను. రెండవ చిక్కు జిల్లాలో ఉన్నది. పట్టీలో "విశాఖపట్నము జిల్లా" అని ఉన్నంత మాత్రమున అది నేటి విశాఖ జిల్లా కాదు. కోరాపుట్ 1936లో ఒరిస్సాలో చేరినది. శ్రీకాకుళము 1950లో, విజయనగరము 1979లో, అనకాపల్లి 2022లో వేరు జిల్లాలైనవి. డర్బను నుండి ముత్తాత ఊరు వెదకుచు వచ్చినవారు విశాఖ నగరములో దిగి వెనుకకు పోయినచో, వారికి కావలసిన ఊరు బొబ్బిలి దగ్గరనో, పార్వతీపురము దగ్గరనో ఉండిపోవచ్చును.

మూడవ చిక్కు పేరుకు, మతమునకు గల సంబంధములో ఉన్నది. ఇది మన కళాశాలవారు ప్రత్యేకముగా గమనింపదగినది. పట్టీలో మస్తాన్, నాగూరు, దస్తగిరి వంటి పేరు కనబడినంతనే దూరదేశపు పరిశోధకుడు అతడు ముస్లిమని తలపోయవచ్చును. కాని మన ఆంధ్ర దేశములో దర్గాకు మ్రొక్కుకొని పుట్టిన బిడ్డకు మస్తానయ్య, మస్తానమ్మ, నాగూరయ్య, దస్తగిరి అని పేరుపెట్టు హిందూ కుటుంబములు కోకొల్లలు. పేరును బట్టి మతమును, మతమును బట్టి వంశమును నిర్ణయించినచో ఒక కుటుంబ చరిత్రయే తారుమారగును. కులము గడి, తండ్రి పేరు, ఊరు, ఈ మూడింటిని కలిపి చూచిన గాని నిర్ణయము చేయరాదు. ఉర్దూ ఇంటిభాషగా, తెలుగు ఊరిభాషగా పెరిగిన విద్యార్థికి ఈ వివేకము సహజముగా అబ్బును. జాబితా, రసీదు, దస్తావేజు, లంగరు, ఈ మాటలన్నియు ఫారసీ, అరబీల నుండి మన తెలుగులోకి వచ్చి ఇంటివైనవే కదా. ఆ పట్టీలోని "జిల్లా" కూడ అట్టిదే.

పేరు లేని ప్రయాణములు

మన ఉత్తరాంధ్ర నుండి అత్యధిక సంఖ్యలో జనము వెళ్ళినది నేటాలుకు కాదు, బర్మాకు. విశాఖ, భీమునిపట్నము, కళింగపట్నము, కాకినాడ రేవుల నుండి ఏటా వేల మంది పొగ ఓడల తట్టు మీద కూర్చుండి రంగూను పోయెడివారు. బర్మావారు వారిని "కోరంగీలు" అని పిలిచినారు. అది గోదావరి ముఖద్వారములోని కోరంగి రేవు పేరు. వీరు అధిక భాగము మేస్త్రీ వద్ద బయానా పుచ్చుకొని పోయినవారే తప్ప నేటాలు వలె సర్కారు ఒప్పందముపై పోయినవారు కారు. అందువలన వారికి పుట్టుమచ్చల పట్టీ లేదు. రేవు లెక్కలలో వారు తట్టు ప్రయాణికుల సంఖ్య మాత్రమే.

ఇక్కడ ఒక కఠోరమైన సత్యము కనబడుచున్నది. యజమానికి హక్కు ఉన్నచోట మనిషి పేరు భద్రముగా వ్రాయబడినది. ఎవరికిని బాధ్యత లేనిచోట పేరు కూడ మిగులలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగినవి. 1942లో జపాను దండయాత్ర వలన లక్షలాది భారతీయులు బర్మా నుండి కాలినడకన కొండలు, అడవులు దాటి వచ్చినారు. దారిలో వేల సంఖ్యలో కన్నుమూసినారు. ఆ మృతులలో అధికుల పేర్లు ఏ పట్టీలోను లేవు. వారి పట్టీ ఎక్కడైనను ఉన్నచో అది మన ఇండ్లలోని వృద్ధుల జ్ఞాపకములలోనే ఉన్నది. ఆ తరము దాదాపుగా గతించినది. వారి మాట విన్న బిడ్డలు, మనుమలు నేడు మన మధ్య ఉన్నారు.

విద్యార్థులకు మనవి

పాత పత్రము చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఇది వ్రాసినది ఎవరు? ఎవరి కొరకు వ్రాసినారు? ఏ గడిని నింపుట వారికి అవసరము? ఏ విషయమునకు గడియే లేదు? నాలుగవ ప్రశ్నయే అన్నింటికంటె ముఖ్యమైనది. నేటాలు పట్టీలో ఎత్తునకు గడి ఉన్నది, ఇల్లు విడిచిన కారణమునకు లేదు. కులమునకు గడి ఉన్నది, పుట్టింట విడిచి వచ్చిన బిడ్డకు లేదు.

చరిత్ర పరిశోధనకు లండను, డర్బను పోవలసిన పని లేదు. మద్రాసు రాజధాని నాటి కాగితములు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రభాండాగారములో ఉన్నవి. అంతకంటె దగ్గర ఆధారములు మన పేటలలోనే కలవు. పెట్టె అడుగున రంగూను ఉత్తరము, మనియార్డరు రసీదు, ఓడ టిక్కెట్టు, పాత పాసుపోర్టు దొరికినచో పారవేయకుడు. పెద్దలను అడిగి, ఎవరు, ఎప్పుడు, ఏ రేవు నుండి, ఎవరితో వెళ్ళినారో, తిరిగి వచ్చినారో లేదో వ్రాసి ఉంచుడు. తేదీ తెలియకున్నచో ఏ తుపాను తర్వాత, ఏ పెండ్లికి ముందు అని వ్రాయుడు. ఉర్దూలో చెప్పినది ఉర్దూలోను, తెలుగులో చెప్పినది తెలుగులోను వ్రాయుడు. వారి మాటను మీ మాటగా దిద్దకుడు.

ఈ సంవత్సరము మన కళాశాల విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబపు సముద్రయానమును గూర్చి రెండు పుటలు వ్రాసి ఇచ్చినచో, వాటిని తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి సరిచూచి గ్రంథాలయములో భద్రపరచవచ్చును. ఆ పుటలలో పుట్టుమచ్చల గడి అవసరము లేదు. ఇల్లు విడిచిన కారణమునకు మాత్రము ఒక గడి తప్పక ఉంచవలెనని మా కోరిక.